కథ రాసే మోడల్‌కు సెట్టింగులు: ఉత్తరాంధ్ర తెలుగు వైపు నుంచి ఒక సమీక్ష

భాషా మోడల్ ఒక్కో అడుగులో చేసే పని ఒకటే. అంతవరకు వచ్చిన పాఠాన్ని చూసి, తరువాత రాగల ముక్కలన్నిటికీ తలా ఇంత అని సంభావ్యత కడుతుంది. ఆ ముక్కలను టోకెన్లు అంటారు. లెక్క కట్టడంతో మోడల్ పని అయిపోతుంది. ఆ జాబితాలోంచి ఒకదాన్ని ఎంచుకోవడం వేరే పని. టెంపరేచర్, టాప్-కే, టాప్-పీ, పునరుక్తి జరిమానా వంటి సెట్టింగులన్నీ ఈ ఎంపిక దగ్గరే పనిచేస్తాయి. కథకూ కవితకూ వాటిని ఎలా సవరించాలో చెప్పే సలహాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు రాతను చూసి పుట్టినవే. అవి తెలుగుకు, అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తెలుగుకు ఎంతవరకు పనికొస్తాయో విడిగా చూడాలి.

పాఠాన్ని సంభావ్యతల వరసగా చూడడం కొత్త సంగతి కాదు. రష్యన్ గణితవేత్త మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యంలోని 20,000 అక్షరాలను తీసుకుని, అచ్చు తరువాత హల్లు ఎంత తరచుగా వస్తుందో లెక్కించాడు. 1948లో క్లాడ్ షానన్ ఇంగ్లీషు పదాల సంభావ్యతలను బట్టి వాక్యాల వంటివి అల్లి చూపాడు. టెంపరేచర్ అన్న పేరు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. బోల్ట్స్‌మన్ సూత్రంలో వేడి పెరిగేకొద్దీ కణాలు తక్కువ అవకాశం ఉన్న స్థితుల్లోకి కూడా వెళ్తాయి. 1985లో ఆక్లీ, హింటన్, సెయ్‌నోవ్‌స్కీ తమ బోల్ట్స్‌మన్ యంత్రంలో ఆ సూత్రాన్నే వాడారు.

టెంపరేచర్ ఏం చేస్తుందో ఒక వాక్యంతో చూడవచ్చు. “నాగావళికి వరద వచ్చిన రాత్రి ఊరంతా” అన్న దగ్గర మోడల్ ఆగిందనుకుందాం. లెక్క సులువుగా ఉండడానికి తరువాతి మాటలు నాలుగే అనీ, ఒక్కొక్కటి ఒక్కో టోకెన్ అనీ అనుకుంటే సరిపోతుంది: “భయపడింది” 60 శాతం, “మేలుకుంది” 25, “గట్టెక్కింది” 10, “మూటలు” 5. టెంపరేచర్ 1 దగ్గర ఈ అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. 0.5కు దించితే మొదటిది 83 శాతానికి ఎగబాకుతుంది, రెండోది 14కు, మూడోది 2కు తగ్గుతాయి, నాలుగోదానికి ఒక శాతం కూడా మిగలదు. 2కు పెంచితే అవే అంకెలు వరుసగా 43, 28, 17, 12 అవుతాయి. వరస మాత్రం మారదు. మొదటిది మొదటిదిగానే ఉంటుంది, వాటి మధ్య ఎడమే తగ్గుతుంది లేదా పెరుగుతుంది. ఊరంతా భయపడిందని చెబితే కథ అక్కడే ఆగుతుంది. మూటలు కట్టుకుందంటే మనుషులు కదులుతారు, కథ కదులుతుంది. కథకుడికి కావలసిన మాట తరచు ఆ నాలుగో స్థానంలోనే ఉంటుంది కనుక టెంపరేచర్ పెంచమన్న సలహా పుట్టింది.

నిజమైన మోడల్‌లో నాలుగు మాటలుండవు. ఇప్పటి పెద్ద మోడళ్లు కొన్నిటిలో టోకెన్ల పట్టిక 2 లక్షలు దాటుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఆ సందర్భానికి అసలు పొసగనివి. ఒక్కొక్కదాని సంభావ్యత అతి స్వల్పమే అయినా అన్నీ కలిస్తే ఆ తోక బరువెక్కుతుంది, టెంపరేచర్ పెరిగేకొద్దీ ఇంకా బరువెక్కుతుంది. అందుకే తోకను కోసే పద్ధతులు వచ్చాయి. 2018లో ఏంజెలా ఫాన్, ఆమె సహచరులు సుమారు 3 లక్షల కథలతో మోడల్‌కు శిక్షణ ఇచ్చి, ప్రతి అడుగులోనూ పైనున్న కొన్ని టోకెన్లలోంచే ఎంచుకునే టాప్-కే పద్ధతిని వాడారు. ఈ సెట్టింగు వాడుకలోకి రావడానికి కథారచనే కారణమన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. మరుసటి ఏడాది వచ్చిన జీపీటీ-2 నమూనా పాఠాలు కూడా టాప్-కే 40తో తీసినవే.

టాప్-కేలో ఒక చిక్కుంది. “ఒకానొక” తరువాత “ఊళ్ళో”, “రాజ్యంలో” వంటి నాలుగైదు మాటలే పొసగుతాయి. “అతను” తరువాత వందల మాటలు పొసగుతాయి. రెండుచోట్లా 40 దగ్గరే కోస్తే ఒకచోట చెత్త మిగులుతుంది, ఇంకోచోట మంచి మాటలు పోతాయి. ఆరీ హోల్ట్‌జ్‌మన్ బృందం 2019లో ప్రతిపాదించిన టాప్-పీ ఈ చిక్కును విప్పింది. పై నుంచి సంభావ్యతలను కూడుకుంటూ వచ్చి, మొత్తం 0.9కో 0.95కో చేరగానే కోస్తుంది. పై ఉదాహరణలో 0.9 అని పెడితే మొదటి మూడు మాటలు మిగిలి “మూటలు” పోతుంది. సెట్టింగు కంటే విలువైన పరిశీలన ఒకటి అదే పరిశోధనలో ఉంది. ప్రతిసారీ అతి సంభావ్యమైన మాటనే ఎంచుకునే మోడల్ త్వరలోనే చెప్పిందే చెప్పడంలో పడుతుంది. మనుషుల రాతలో సంభావ్యత ఎప్పుడూ పైనే ఉండదు. ఊహించగల మాటల నడుమ ఊహించని మాట వచ్చి పడుతూ ఉంటుంది. శ్రీకాకుళంలో పుట్టిన కథకుడు రావిశాస్త్రి (1922–1993) ఉపమానాలను ఎరిగిన పాఠకుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. వాక్యం ఎక్కడికి పోతుందో ముందు తెలియదు, పోయాక మాత్రం అక్కడికే పోవాలనిపిస్తుంది.

2024లో పరిశోధనా పత్రంగా వచ్చిన మిన్-పీ, కోతను మొదటి టోకెన్ బలంతో ముడిపెట్టింది. మిన్-పీ 0.1 అంటే, మొదటిదాని సంభావ్యతలో పదో వంతుకు తగ్గినవన్నీ పోతాయి. వరద వాక్యంలో ఆ హద్దు 6 శాతం. మోడల్‌కు గట్టి నమ్మకం ఉన్నచోట కోత కఠినంగా, తటపటాయించే చోట ఉదారంగా ఉంటుంది కాబట్టి, ఎక్కువ టెంపరేచర్‌లో కూడా వాక్యం చెదరదని ప్రతిపాదకుల వాదం. 2025లో మరో బృందం ఆ ప్రయోగాలను తిరిగి పరిశీలించి, చూపిన మెరుగుదలకు ఆధారాలు చాలవని వాదించింది. సొంత కంప్యూటర్‌లో మోడళ్లు నడుపుకునే కథారచయితలకు మాత్రం మిన్-పీ బాగా అలవాటైంది. ఈ కోతలన్నిటిలోనూ వరస ముఖ్యం. టెంపరేచర్ ముందు పనిచేసి తరువాత కోత పడితే ఒక ఫలితం, ముందు కోత పడి తరువాత టెంపరేచర్ పనిచేస్తే ఇంకో ఫలితం. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వరస పాటిస్తుందో చూడకుండా ఒకరి అంకెలు మరొకరు తెచ్చి పెట్టుకుంటే అవే అంకెలకు వేరే కథ వస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగు దగ్గరకు వచ్చేసరికి టోకెన్ అంటే ఏమిటన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. “విజయనగరం”లో ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. “శ్రీకాకుళం”లో వత్తులు, గుడులు, సున్న కలుపుకుని పది సంకేతాలు, 30 బైట్లు. ఇంగ్లీషు పాఠంపై తయారైన తొలి టోకెన్ పట్టికలు తెలుగును దాదాపు బైట్ల స్థాయిలోనే ముక్కలు చేసేవి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక నమూనా వాక్యాన్ని చూపింది: తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టినది కొత్త పట్టికతో 45కు తగ్గింది. మార్పు పెద్దదే. అయినా ప్రత్యయాలు కలుపుకుంటూ పోయే మన భాషలో ఒక్క క్రియాపదం నాలుగైదు ముక్కలవడం మామూలే.

దీనివల్ల టెంపరేచర్ ప్రభావం తెలుగులో వేరుగా ఉంటుంది. ఇంగ్లీషులో ఎక్కువ టెంపరేచర్ చాలాసార్లు విచిత్రమైన పదాన్ని తెస్తుంది. పదం మాత్రం చెక్కుచెదరదు. తెలుగులో అదే టెంపరేచర్ పదం లోపలే దెబ్బ తీస్తుంది. ఒత్తు తప్పుతుంది, క్రియకు కర్తతో పొసగని ప్రత్యయం తగులుతుంది, ఏ నిఘంటువులోనూ లేని మాట పుడుతుంది. నాలుగు ముక్కల పదంలో పాచిక నాలుగుసార్లు పడుతుంది గనుక తప్పుకు అవకాశం కూడా అన్నిసార్లు వస్తుంది. ఇంగ్లీషు రచయితలు నిశ్చింతగా వాడే 1.2, 1.3 వంటి అంకెలు తెలుగు కథకు ఎక్కువ కావడానికి కారణం ఇదే. సృజన తగ్గిపోతుందన్న భయంతో ఆ అంకెలను పట్టుకుని వేలాడనక్కరలేదు; తెలుగులో 0.7 నుంచి 1 మధ్య మొదలుపెట్టి, తోకను మిన్-పీతోనో టాప్-పీతోనో కోయడం మేలు.

పునరుక్తి జరిమానా దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. 2019లో కంట్రోల్ అనే మోడల్‌తో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఒకసారి వచ్చిన టోకెన్ మళ్లీ వచ్చే అవకాశాన్ని 1.2 వంటి ఒక గుణకంతో తగ్గిస్తుంది. ఓపెన్‌ఏఐ సేవల్లో ఇదే పనిని మరోరకంగా చేసే రెండు సెట్టింగులు –2 నుంచి 2 వరకు ఉంటాయి: ఒకటి టోకెన్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి తగ్గిస్తుంది, ఇంకొకటి ఒక్కసారి వచ్చినా తగ్గిస్తుంది. తెలుగులో మళ్లీ మళ్లీ వచ్చేవి లో, కు, ని, డు వంటి ప్రత్యయాల ముక్కలు. అవి పునరుక్తి కాదు, వ్యాకరణం. జరిమానా పెరిగితే మోడల్ సరైన విభక్తిని వదిలి పక్కదారి వెతుక్కుంటుంది. బైట్ల స్థాయిలో ముక్కలయ్యే మోడళ్లలోనైతే ప్రతి తెలుగు సంకేతం రెండే బైట్ల జంటల్లో ఏదో ఒకదానితో మొదలవుతుంది కనుక జరిమానా మొత్తం లిపి మీదే పడి, కొన్ని వాక్యాల తరువాత పాఠం ఇంగ్లీషులోకో పిచ్చిగీతల్లోకో జారిపోతుంది. కథ మధ్యలో మోడల్ భాష మార్చిందంటే మొదట చూడవలసిన సెట్టింగు ఇది. 2024లో వచ్చిన డ్రై అనే పద్ధతి ఒంటరి టోకెన్‌ను వదిలేసి, వచ్చిన వరసే మళ్లీ పొడుగ్గా వస్తే మాత్రం శిక్షిస్తుంది. తెలుగుకు ఇది నయం. ఎంత పొడుగు వరసను అనుమతించాలో చెప్పే అంకె మామూలుగా 2 ఉంటుంది. ఒక్క పదమే అంతకు మించి ముక్కలయ్యే భాషకు దాన్ని పెంచుకోవాలి.

పునరుక్తే ప్రాణమైన రచనలూ ఉన్నాయి. జముకుల కథలో వంతపాట, తప్పెటగుళ్ళలో చరణం చివర తిరిగి వచ్చే మాట, పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు (1943–2020) పాటల్లో పల్లవి – ఇవన్నీ తిరిగి తిరిగి రావడం వల్లే జనం నోట నిలిచాయి. ఆ బాణీలో ఏదైనా రాయించాలంటే జరిమానాలన్నీ తీసేయాలి.

ఇక అసలు ప్రశ్న. టెంపరేచర్ పెంచితే సృజన పెరుగుతుందా? 2024లో మాక్స్ పీపర్‌కార్న్ బృందం లామా-2 చాట్ మోడల్‌తో కథలు రాయించి ఇదే ప్రశ్న వేసింది. టెంపరేచర్‌తో కొత్తదనం కొద్దిగా పెరిగింది, పొంతన లేనితనం అంతకంటే ఎక్కువ పెరిగింది. దీనికి ఒక కారణం మోడల్ తయారీలోనే కనిపిస్తుంది. సంభాషణకు అనువుగా మలిచిన మోడళ్లు మనుషులు మెచ్చిన జవాబుల వైపు మొగ్గేలా శిక్షణ పొందుతాయి. 2023లో జీపీటీ-4 నివేదిక, అలా మలిచిన తరువాత మోడల్ సంభావ్యతల అంచనా ముందున్నంత నికరంగా లేదని చూపింది. మొదటి టోకెన్‌కే 97 శాతం దక్కినచోట టెంపరేచర్‌ను కొద్దిగా అటూ ఇటూ జరిపినా తేడా రాదు. అందుకే పల్లెటూరి కథ రాయమంటే మోడల్ ఎన్నిసార్లు తిప్పి అడిగినా పచ్చని పొలాలు, రామయ్య అనే రైతు, చివర ఒక నీతి దగ్గరకే వస్తుంది. 2024లో దోషి, హౌసర్ ప్రచురించిన అధ్యయనంలో, ఏఐ ఇచ్చిన ఆలోచనలతో రాసిన కథలు విడివిడిగా బాగున్నా, అన్నీ కలిపి చూస్తే ఒకదాన్నొకటి ఎక్కువగా పోలి ఉన్నాయని తేలింది.

ఉత్తరాంధ్ర రచయితకు ఈ సమస్య మరింత దగ్గరిది. “నేను నిన్ననే వచ్చేశాను, ఏమంటావు?” అన్నది పత్రికల తెలుగు. వంశధార ఒడ్డున అది “నాను నిన్ననే ఒచ్చీసినాను, ఏటంతావు?” అవుతుంది. మోడల్ చదివిన తెలుగులో వార్తలు, వికీపీడియా, సినిమా రాతలు ఎక్కువ, “ఒచ్చీసినాను” అరుదు. మామూలు ప్రాంప్ట్ (మోడల్‌కు మనం ఇచ్చే సూచన) తరువాత ఆ రూపానికి ఒక్క శాతం దక్కిందనుకుంటే, 0.95 దగ్గర టాప్-పీ దాన్ని నిలువునా కోసేయవచ్చు. కోత తీసేసి టెంపరేచర్ పెంచితే ఆ ఒక్క శాతంతోపాటు తోకలోని చెత్త అంతా కలిసి వస్తుంది. పదం సగం దాకా “ఒచ్చీ” అని వచ్చి చివర పత్రిక భాషలోకి జారిపోవచ్చు. “శ్రీకాకుళం యాసలో రాయి” అని అడిగితే తరచు వచ్చేది ఏ ఊరిదీ కాని పల్లెటూరి భాష; అందులో తెలంగాణ “గిట్ల” కూడా దొర్లుతుంది. సెట్టింగులు చేయగలిగింది మోడల్ కట్టిన జాబితాలోంచి ఏరడమే. మాట జాబితా పైకి రావాలంటే ముందున్న పాఠం మారాలి.

ఆ పాఠాన్ని మార్చే సాధనం సందర్భం, అంటే ప్రాంప్ట్‌తో పాటు ఇచ్చే నమూనాలు. ఒకటి రెండు పుటల సంభాషణ నిజమైన యాసలో ముందు పెడితే, మోడల్ ఆ వరసలను పట్టుకుని “ఒచ్చీసినాను”ను తోక నుంచి తలకు తెస్తుంది. అప్పుడు 0.8 టెంపరేచర్, 0.95 టాప్-పీ చాలు. నమూనాల్లో ఎవరు మాట్లాడుతున్నారో కూడా ఉండాలి. “సెప్పు”, “ఎల్లు” అనేవాళ్లూ, “చెప్పు”, “వెళ్లు” అనేవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు. కులం, చదువు, వయసు, ఎదుట నిలబడ్డ మనిషి – వీటిని బట్టి మాట మారుతుంది. ఊరంతటికీ ఒకే యాస పూయడం పత్రిక భాష పూయడమంత తప్పు. పలాస జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసే స్త్రీ కథ కావాలంటే, పిక్క తొక్కలోని నూనె వేళ్లను కాలుస్తుందన్న సంగతి, ఆమె మేస్త్రీతో ఒకలా, కూతురితో ఇంకోలా మాట్లాడుతుందన్న సంగతి నమూనాలోనే ఉండాలి.

ఈ విషయంలో విజయనగరం వారికి నూరేళ్లకు పైబడిన పాఠం ఉంది. గురజాడ అప్పారావు (1862–1915) కన్యాశుల్కం 1892లో అక్కడ ప్రదర్శితమై 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాయబడింది. అందులో ఎవరి తెలుగు వారిదే; గిరీశం ఇంగ్లీషు కలిపిన మాటలు అగ్నిహోత్రావధానుల నోట పలకవు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) వాడుక భాష కోసం పోరాడుతూనే సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. మోడల్ జాబితాలో ఏ మాట ఎక్కడ ఉంటుందన్నది, ఎవరి మాట రాతకెక్కిందన్న దాని మీదే ఆధారపడుతుంది కనుక ఆ పని విలువ ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

సందర్భం చాలనప్పుడు మోడల్‌కే కొంత అదనపు శిక్షణ ఇవ్వవచ్చు. 2024లో తెలుగు ఎల్ఎల్ఎం ల్యాబ్స్ గూగుల్ జెమ్మాపై నవరస అనే మోడల్‌ను మలిచి, తరువాతి రూపంలో 15 భారతీయ భాషలకు విస్తరించింది. స్వేచ్ఛ సంస్థ విద్యార్థుల సాయంతో తెలుగు కథల పుటలు సేకరించి, కథలు చెప్పే చిన్న మోడల్ తయారీకి పూనుకుంది. ఉత్తరాంధ్ర కథకు అలాంటి ముడిసరుకు చేతికి అందేంత దూరంలోనే ఉంది: కాళీపట్నం రామారావు (కారా) 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం తెలుగు కథలను ఒకచోట చేర్చి, వాటిని స్కాన్ చేసి అందుబాటులో ఉంచుతోంది. స్కాన్ చేసిన పుట బొమ్మే. దాన్ని పాఠంగా మార్చి తప్పులు దిద్దాలి. హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. గురజాడ, గిడుగు రచనలు అందరివీ. 1993లో పోయిన రావిశాస్త్రి, 1994లో పోయిన కథకుడు చాసో, 2021లో పోయిన కారా కథలకు వారసుల అనుమతి కావాలి; ఆ అనుమతి అడిగి తీసుకోవడమే మర్యాద, అదే చట్టం.

పద్యం సంగతి వేరు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి. టోకెన్ హద్దులు అక్షరాల హద్దులతో కలవవు కనుక ఏ టెంపరేచరూ గణాలను నిలబెట్టదు. తక్కువ టెంపరేచర్‌లో ఒకే పాదం వస్తుంది, ఎక్కువలో గణం తప్పుతుంది. ఇక్కడ పనికొచ్చే దారి, ఒక మోస్తరు టెంపరేచర్‌లో చాలా పాదాలు తీయించి, ఛందస్సును పరీక్షించే సాఫ్ట్‌వేర్‌తో వడగట్టడం. ఆ సాఫ్ట్‌వేర్ తెలుగులో ఇప్పటికే ఉంది.

వచన కథకు సెట్టింగులు దశను బట్టి మారాలి. ఆలోచనల కోసం వెతికేటప్పుడు 1 దాకా టెంపరేచర్, 0.05 మిన్-పీ, జరిమానా లేకుండా, ఒకేసారి అనేక ప్రారంభాలు తీసుకోవచ్చు. వాటిలో మంచిదాన్ని ఏరే కన్ను రచయితదే. చిత్తుప్రతికి 0.8 చుట్టూ చాలు. సంభాషణలకు యాస నమూనాలు ముందుంచి అంతకంటే కొద్దిగా దించవచ్చు. అచ్చుతప్పులు, పేర్ల పొంతన సరిచూసేటప్పుడు 0.2 మించకూడదు, లేకపోతే దిద్దమన్నచోట మోడల్ తిరగరాస్తుంది. టెంపరేచర్, టాప్-పీ రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ఒకదాన్ని కదలకుండా ఉంచి ఇంకోదాన్ని జరపాలి. గరిష్ఠ పొడవును టోకెన్లలో కొలుస్తారు కనుక ఇంగ్లీషు కథకు సరిపోయే హద్దులో తెలుగు కథ మధ్యలో, ఒక్కోసారి పదం మధ్యలో ఆగిపోతుంది. ఆ అంకెను ముందే పెంచుకోవాలి.

అన్ని సేవల్లోనూ ఈ మీటలు చేతికి దొరకవు. ఓపెన్‌ఏఐ టెంపరేచర్‌ను 0 నుంచి 2 దాకా, ఆంత్రోపిక్ 0 నుంచి 1 దాకా ఇస్తూ వచ్చాయి కనుక ఒకచోట అంకెకు ఇంకోచోట అదే అర్థం లేదు. ఆలోచించి జవాబిచ్చే కొత్త రకం మోడళ్లు కొన్ని టెంపరేచర్ మార్పును ఒప్పుకోవు. ఫోన్‌లోని చాట్ యాప్‌లో అసలు సెట్టింగులే కనిపించవు. అక్కడ రచయిత చేతిలో మిగిలేది ముందు పెట్టే పాఠం ఒక్కటే: ఎవరు, ఎవరితో, ఏ ఊళ్ళో, ఏ పని చేస్తూ మాట్లాడుతున్నారో చెప్పే రెండు పుటల సొంత రాత.